ఇంటి పైపు నుంచి ఊరి పైపులోకి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. ఏ ఊళ్లో అతిసారం ప్రబలినా మరునాటి పత్రికల్లో వార్త ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. వాంతులు, విరేచనాలతో ఇంతమంది ఆసుపత్రిలో చేరారు, నీళ్ల శాంపిళ్లు ల్యాబ్‌కు పంపారు, పైపులైను పగిలి మురుగు కలిసి ఉంటుందని అనుమానిస్తున్నారు, లీకేజీలు సరిచేస్తామని అధికారులు చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయాక అందరూ మాట్లాడుకున్నది పాతబడ్డ పైపుల గురించే, మురుగు కాలువ పక్కనుంచి పోయే లైన్ల గురించే. వాటిని మార్చాల్సిందే, అనుమానం లేదు. కానీ నీళ్లలోకి మురికి వచ్చే దారి ఇంకొకటి ఉంది. దాని గురించి వార్తల్లో ఎప్పుడూ రాదు. రోడ్డు కింద పైపు ఎక్కడా పగలకపోయినా మన ఇళ్లలోంచి, హాస్టళ్లలోంచి, ఆసుపత్రుల్లోంచి మురికి నీళ్లు కుళాయి లైను గుండా వెనక్కి నడిచి ఊరి పైపులో కలుస్తాయి. ఇది రాయడానికే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైనా దయచేసి కత్తిరించకుండా వేయమని మనవి.

నేను కోస్తాలోని ఒక మున్సిపాలిటీ నీటి సరఫరా విభాగంలో ఫిట్టర్‌గా చేరి వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. నా సర్వీసంతా వాల్వ్ గుంటల్లోనూ, వీధి పైపుకు ఇంటి కనెక్షన్ కలిపే ఫెరూళ్ల దగ్గరా గడిచింది. కాబట్టి చూసిందే రాస్తున్నాను.

నీళ్లు ప్రెషర్ ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతాయి. అవి మున్సిపాలిటీ నీళ్లా, బోరు నీళ్లా, కుడితి నీళ్లా అన్నది పైపుకు పట్టదు. మామూలుగా వీధి లైనులో ప్రెషర్ ఎక్కువ, ఇంట్లో తక్కువ, అందుకని నీళ్లు ఇంట్లోకి వస్తాయి. ఈ తేడా తలకిందులైన క్షణాన నీళ్లు ఇంట్లోంచి వీధిలోకి పోతాయి. తలకిందులయ్యేది రెండు రకాలుగా. వీధిలో ప్రెషర్ పడిపోవచ్చు, లేదా ఇంట్లో మోటారు పెట్టి వీధి కంటే ఎక్కువ ప్రెషర్ పుట్టించవచ్చు. మన ఊళ్లలో ఈ రెండూ ప్రతిరోజూ జరుగుతున్నాయి.

మొదటిది చూద్దాం. మనకు నీళ్లు రోజంతా రావు. పొద్దున గంట, సాయంత్రం గంట, ఎండాకాలమైతే రోజు విడిచి రోజు. ట్యాంకు దగ్గర వాల్వ్ కట్టేయగానే లైనులో మిగిలిన నీళ్లు పల్లపు వీధులకు జారిపోతాయి. అవి జారేకొద్దీ మెరక మీది పైపు ఖాళీ అవుతూ, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి లోపలికి లాక్కుంటుంది. మెరక వీధిలో ఉండేవాళ్లు ఇది సొంతంగా చూడవచ్చు. నీళ్లు ఆగిపోయిన వెంటనే కుళాయి తిప్పి ఉంచి, దాని మూతికి అరచెయ్యి ఆనించండి. చెయ్యి లోపలికి లాగినట్టు తెలుస్తుంది. చెయ్యి తీస్తే బుస్సుమని గాలి పీల్చుకునే చప్పుడు వినిపిస్తుంది. కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, ఆ గొట్టం చివర బకెట్లో మునిగి ఉంటే గాలి బదులు బకెట్లో ఉన్నదంతా లోపలికి పోతుంది.

ఆ బకెట్లో సర్ఫు నీళ్లు ఉండొచ్చు, పసిబిడ్డ గుడ్డలు నానబెట్టి ఉండొచ్చు. గొట్టం గేదెల తొట్లో పడి ఉండొచ్చు, కారు కడిగే షెడ్డులో గుంటలో పడి ఉండొచ్చు, ఆసుపత్రి ల్యాబ్‌లో సింకులో పడి ఉండొచ్చు. మరునాడు పొద్దున నీళ్లు వదలగానే అవన్నీ ముందు తోసుకుని పల్లపు వీధి వాళ్ల బిందెల్లోకి వస్తాయి. మొదట వచ్చే నీళ్లు వాసనేస్తున్నాయని ఆడవాళ్లు మాతో ఎన్నిసార్లు చెప్పారో! "కాసేపు వదిలేసి పట్టుకోండమ్మా" అని ఏ సెక్షన్లోనైనా ఇచ్చే జవాబు. నీళ్ల కరువున్న చోట మొదటి రెండు బిందెలు పారబోసేది ఎవరు?

రెండోది ఇంతకంటే ప్రమాదం, పైగా కంటికి కనపడదు. ఒకసారి ఎండాకాలంలో మా లైన్‌మన్ ఒక వీధిలో పోతుంటే ఓ మామ్మగారు ఆపి, "నాయనా, మధ్యాహ్నం కూడా నీళ్లు వదులుతున్నారు, చల్లగా ఉండండి. కాకపోతే ఆ నీళ్లు కాస్త ఉప్పగా ఉంటున్నాయి, పప్పు ఉడకటం లేదు" అన్నారట. అతను వచ్చి నాతో చెప్పాడు. మేం మధ్యాహ్నం నీళ్లు వదలడం లేదు. ఆ వీధి మొదట్లో ఉన్న వాల్వ్ పొద్దున తొమ్మిదికే కట్టేస్తున్నాం. అయినా వెళ్లి చూస్తే ఆవిడ కుళాయిలో సన్నటి ధారగా నీళ్లు వస్తూనే ఉన్నాయి. పక్కింట్లోనూ వస్తున్నాయి. ఎదురింట్లో రావడం లేదు. వాళ్ల కుళాయి ఎత్తు మీద ఉంది.

ఇక ఒక్కొక్క కనెక్షనే చూసుకుంటూ పోయాం. నీళ్లు నాలుక మీద వేసుకుంటే ఉప్పదనం వీధి చివరికి పోయేకొద్దీ పెరుగుతోంది. చివర నాలుగంతస్తుల హాస్టల్ ఉంది. దాని మోటారు గదిలోకి వెళ్తే సంగతి అర్థమైంది. మున్సిపాలిటీ లైనూ, బోరు లైనూ ఒక టీ (మూడు మూతుల పైపు ముక్క) దగ్గర కలిపారు. రెంటికీ మధ్య ఒక గేట్ వాల్వ్. మున్సిపాలిటీ నీళ్లు వచ్చినప్పుడు ఆ వాల్వ్ తిప్పుకుంటారు, రానప్పుడు కట్టేసి బోరు వేస్తారు. వాచ్‌మన్ కట్టేయడం మరిచిపోతే అంతే సంగతులు. అతను మరిచిపోకపోయినా, ఆ వాల్వ్‌లో గేటు కింద ఇసుక చేరి పూర్తిగా మూసుకోవడం లేదు. బోరు మోటారు నాలుగో అంతస్తు మీది ట్యాంకుకు నీళ్లు ఎక్కించాలంటే కనీసం 15 మీటర్ల ఎత్తుకు నెట్టాలి. మా భాషలో కేజీన్నర ప్రెషర్. అదే సమయంలో వీధి లైను ఖాళీగా ఉంది. కాబట్టి బోరు నీళ్లు కొంత పైకి, కొంత ఆ వాల్వ్ సందులోంచి వీధిలోకి. బోరుకు కాస్త దూరంలోనే హాస్టల్ సెప్టిక్ ట్యాంకు ఉంది. మేం ఆ టీని అక్కడికక్కడే కోయించాం. ఓనరు గారు మంచివాడే, ఆయనకు ఈ సంగతి తెలియదు. కట్టిన మేస్త్రీకీ తెలియదు. "అందరూ ఇలాగే పెడతారు సార్" అన్నాడు. నిజం చెప్పాడు.

ఆ బోరు ఉప్పుది కాబట్టి దొరికింది. తియ్యటి నీళ్లు పడిన బోరైతే ఆ మామ్మగారు మధ్యాహ్నం నీళ్లు వస్తున్నాయని సంతోషపడి ఊరుకునేవారు. ఇవాళ మన పట్టణాల్లో బోరూ, కుళాయీ రెండూ ఉన్న అపార్ట్‌మెంట్లు, లాడ్జీలు, నర్సింగ్ హోములు, ఫంక్షన్ హాళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. వాటిలో ఎన్నిట్లో ఇలాంటి టీ ఒకటి గోడలో దాగి ఉందో ఏ రికార్డులోనూ ఉండదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. డబ్బున్న దేశాల్లోనూ దెబ్బతిన్నాకే కళ్లు తెరిచారు. శిక్షణ తరగతిలో ఒక ఇంజినీరు గారు చెప్పగా విని తర్వాత చదువుకున్న ఉదంతం ఒకటి రాస్తాను. 1969లో అమెరికాలోని వూస్టర్ అనే ఊళ్లో, హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు దాదాపు మొత్తం కాలేయ జబ్బు బారిన పడింది. 97 మంది ఆటగాళ్లు, కోచ్‌లలో 90 మందికి హెపటైటిస్ (కామెర్లు తెచ్చే కాలేయ జబ్బు) సోకింది. రెండు మ్యాచ్‌లు ఆడి ఆ ఏడాది ఆటలన్నీ రద్దు చేసుకున్నారు. వాళ్లు తాగింది ఊరందరూ తాగే మంచి నీళ్లే. కానీ మైదానానికి నీళ్లు పోయే లైను మధ్యలో, గడ్డి తడిపే స్ప్రింక్లర్లకు నేలమట్టానికి కింద గుంటల్లో కుళాయిలు ఉన్నాయి. అక్కడ ఆడుకునే పిల్లల్లో కొందరికి హెపటైటిస్ ఉంది. ఆ గుంటల్లో నిలిచిన నీళ్లు అలా మైలపడ్డాయి. ఆ ఆగస్టులో ఊళ్లో ఒక చోట మంటలు చెలరేగితే ఫైరింజన్లు పెద్ద ఎత్తున నీళ్లు లాగాయి. లైనులో ప్రెషర్ పడిపోయింది. గుంటల్లోని నీళ్లు లోపలికి పోయాయి. ఆటగాళ్లు దప్పిక తీర్చుకున్న కుళాయి దాని తర్వాత ఉంది.

అక్కడ ఆ పని చేయడానికి ఊళ్లో పెద్ద మంట కావాల్సి వచ్చింది. మన వీధుల్లో ప్రతి ఉదయం నీళ్లు వదిలిన పావుగంటలో ఇంటింటి మోటారూ కలిసి ఆ పని చేస్తున్నాయి. కుళాయి లైనుకే నేరుగా అర హెచ్‌పీ మోటారు తగిలిస్తే అది పైపులో ఉన్న నీళ్లతో ఆగదు. ఇంకా కావాలని లాగుతుంది. ఆ లాగుడుకు పక్కింటి కుళాయి గాలి పీలుస్తుంది, కాలువ పక్క పగులు మురుగు పీలుస్తుంది. అక్కడే మన కుళాయి గుంటలు కూడా ఉన్నాయి. చివరి వీధుల్లో ప్రెషర్ చాలక, నేల మీదికి నీళ్లు ఎక్కక, ఇంటి ముందు రెండడుగుల గుంట తవ్వి అందులో కుళాయి పెట్టుకుంటారు. గుంట చుట్టూ గట్టు ఉండదు. అంట్లు తోమిన నీళ్లూ, వాన నీళ్లూ అందులోకే. కుళాయి మూతి ఎన్నోసార్లు ఆ నీళ్లలో మునిగే ఉంటుంది. ఇవి రెండూ ఒకే వీధిలో ఉన్నాయనుకోండి, మెరక మీద మోటారు, పల్లంలో గుంట. పల్లంలో ఉన్న ఆ గుంటలో మురికి మెరక మీది మోటారు ఓనరు ట్యాంకులోకే పోతుంది. ఈ సంగతి చెబితే మోటార్లు పెట్టుకున్నవాళ్లు ఆశ్చర్యపోయేవారు.

2025 వేసవిలో హైదరాబాద్ జలమండలి నల్లాలకు బిగించిన మోటార్ల మీద డ్రైవ్ పెట్టింది. మోటార్లు జప్తు చేసి 5,000 రూపాయల జరిమానా వేస్తామంది. చేయవలసిన పనే. అయితే ఒక మాట. మోటారు పెట్టినవాళ్లంతా నీళ్ల దొంగలు కారు. చివరి వీధిలో ఉండి, ఏళ్ల తరబడి అర్జీలు పెట్టి, ఎవరూ పట్టించుకోక చివరికి అప్పు చేసి మోటారు కొనుక్కున్న వాళ్లు నాకు చాలామంది తెలుసు. కేంద్రం 1999లో ఇచ్చిన నీటి సరఫరా మాన్యువల్‌లోనే ఒక అంతస్తు ఇళ్లున్న చోట కనీసం 7 మీటర్లు, రెండంతస్తులున్న చోట 12 మీటర్ల ఎత్తుకు నీళ్లు ఎక్కే ప్రెషర్ ఉండాలని రాశారు. మన చివరి వీధుల్లో అందులో సగం కూడా ఉండదు. ముందు అది చూపించి, ఆ తర్వాత మోటారు ఊడదీస్తే జనం కూడా ఒప్పుకుంటారు. ప్రెషర్ ఇవ్వకుండా మోటారు మాత్రమే పట్టుకుపోతే వారంలో ఇంకోటి వస్తుంది, ఈసారి గోడ వెనక దాచి పెడతారు.

పల్లెల సంగతి కూడా చెప్పాలి. 2019లో జల్ జీవన్ మిషన్ మొదలయ్యాక చాలా ఊళ్లలో ఇంటింటికీ కుళాయి వచ్చింది. మంచిదే. మా పల్నాడు వైపు మిర్చి తోటలకు మందు కొట్టే రోజుల్లో, పొలానికి తీసుకుపోయే 200 లీటర్ల డ్రమ్ము ట్రాక్టర్ మీద పెట్టి, ఇంటి కుళాయికి గొట్టం తగిలించి నింపుతారు. మందు ముందే డ్రమ్ములో పోసి, నురగ రాకుండా గొట్టం అడుగుదాకా వదులుతారు. ఆ సమయానికి కరెంటు పోయి పంపు ఆగిందంటే ఏమవుతుందో ఊహించండి. కిరోసిన్ పీపాలోంచి గొట్టంతో డబ్బాలోకి తీసినట్టు, ఆ మందు నీళ్లు ఎవరూ పీల్చకుండానే లైనులోకి దిగిపోతాయి. ఇది నా భయం మాత్రమే కాదు. 1976లో అమెరికాలోని చాటనూగాలో చెదలకు కొట్టే క్లోర్డేన్ అనే మందు ఇలాగే వెనక్కి లాక్కుపోయి పదుల ఇళ్ల కుళాయిల్లోకి వచ్చింది. ఈ విషయం మన వ్యవసాయ అధికారులు, పురుగుమందుల దుకాణాల వాళ్లు రైతులకు ఒక్క మాటగా చెప్పొచ్చు: ముందు నీళ్లు నింపుకోండి, గొట్టం తీసేయండి, ఆ తర్వాత కుళాయికి దూరంగా మందు కలపండి. గొట్టం ఎప్పుడూ నీళ్లకు పైనే ఉండాలి.

ఇప్పుడు ఈ వెనక్కి పోయే నీళ్లకు విరుగుడు గురించి. చాలామంది "ఒక ఎన్‌ఆర్‌వీ పెడితే సరిపోదా?" అంటారు. నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వ్ అది. పెట్టడం మంచిదే, నేను వద్దనను. కానీ దాన్నే నమ్ముకోకండి. మన నీళ్లలో ఇసుక వస్తుంది, తుప్పు వస్తుంది, బోరు నీళ్లైతే ఉప్పు పేరుకుంటుంది. ఆ వాల్వ్ లోపలి తలుపు కింద ఒక చిన్న రాయి చేరినా అది మూసుకోదు. మూసుకోలేదని బయటికి తెలియదు. రెండేళ్లు పోయాక విప్పి చూస్తే పది వాల్వుల్లో పదీ బాగున్న రోజు నాకు గుర్తులేదు. ఆసుపత్రులు, ఫ్యాక్టరీల్లాంటి చోట్ల పెట్టే ఖరీదైన రకాలు ఉన్నాయి. వాటిలో రెండు తలుపుల మధ్య ప్రెషర్ తేడా వస్తే నీళ్లు బయటికి వదిలేసే ఏర్పాటు ఉంటుంది. అవి కూడా ఏటా పరీక్ష చేయించాలి. లేకపోతే ఉన్నా లేనట్టే.

వీటన్నిటికంటే గట్టిది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. గాలి. కుళాయి లేదా పైపు చివరికీ, కింద నీళ్లు నిండగలిగే అంచుకీ మధ్య ఖాళీ వదలడం. పైపు లోపలి వెడల్పుకు రెండింతలు ఉండాలి, ఎంత చిన్న పైపైనా ఒక అంగుళానికి తగ్గకూడదు. ఇళ్లలో గుర్తుండడానికి నేను నాలుగు వేళ్ల ఎత్తు అని చెబుతాను. అది ఉంటే వీధి లైను ఎంత పీల్చినా గాలే పోతుంది. ఆ ఖాళీకి చెడిపోయే భాగం లేదు, తుప్పు పట్టదు, సర్వీసింగ్ అక్కర్లేదు.

మరి ఎందుకు వదలరు? సంపు కట్టిన చాలా ఇళ్లలో మున్సిపాలిటీ పైపును సంపు అడుగు దాకా దించుతారు. కారణం అడిగితే, తెల్లవారుజామున నాలుగింటికి నీళ్లు పైనుంచి పడుతుంటే చప్పుడుకు నిద్ర పట్టదంటారు. సంపు నిండగానే నీళ్లు ఆపే ఫ్లోట్ వాల్వ్‌కు కూడా ఇందుకోసమే ఒక గొట్టం ముక్క తొడుగుతారు. ఆ గొట్టం ముక్క వల్ల సంపులో నీళ్లన్నీ వీధిలోకి తిరిగిపోయే దారి తయారైంది. సంపు మూత రోడ్డు మట్టానికి ఉండి వాన నీళ్లు దిగే ఇళ్లలో అయితే ఇక చెప్పక్కర్లేదు. ఈ ఉత్తరం చదివినవాళ్లు ఇవాళే మూత తీసి టార్చ్ వేసి చూడండి. పైపు చివర నీళ్లలో మునిగి ఉంటే మేస్త్రీని పిలిచి ఓవర్‌ఫ్లో మట్టానికి పైకి కోయించండి. ఒక ఎల్బో (వంపు ముక్క), అడుగు పైపు ముక్క, పూట పని. చప్పుడు బాధ ఉంటే నీళ్లు గోడకు తగిలి జారేలా పైపు మూతి తిప్పించుకోండి.

బోరు, కుళాయి రెండూ ఉన్నచోట పద్ధతి ఇది. రెంటినీ పైపులో కలపకూడదు, ట్యాంకులోనే కలవనివ్వాలి. రెండు పైపులూ వేరువేరుగా ట్యాంకు పైకి వచ్చి, నీటిమట్టానికి పైన, తెరిచిన మూతితో నీళ్లు పోయాలి. వీలైతే బోరుకు వేరే ట్యాంకే పెట్టుకుని, తాగే కుళాయికి ఆ నీళ్లు రాకుండా చూసుకోవాలి. మోటారు తప్పనిసరి అనుకునేవాళ్లు నేలమట్టం సంపులోకో, చిన్న ప్లాస్టిక్ ట్యాంకులోకో నీళ్లు వాటంతట అవి పడనిచ్చి, అక్కడి నుంచి మోటారుతో పైకి ఎక్కించుకోవాలి. లైను నుంచి నేరుగా లాగొద్దు.

ఇందులో కొత్త చట్టం కావాల్సింది కూడా పెద్దగా లేదు. భవనాల్లో నీటి సరఫరాకు ఐఎస్ 2065 అనే భారత ప్రమాణం ఉంది, నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ప్లంబింగ్ భాగం ఉంది. తాగునీటి లైనును వేరే నీళ్లతో కలపకూడదన్న సూత్రం మన ఇంజినీర్లందరికీ తెలిసిందే. అయితే ఇల్లు కట్టి అనుమతులు తీసుకునేటప్పుడు సెట్‌బ్యాక్ టేపు పెట్టి కొలుస్తారు, ఇంకుడు గుంత ఉందా అని అడుగుతారు, మోటారు గది తలుపు మాత్రం తెరవరు. కొత్త కుళాయి కనెక్షన్ ఇచ్చేటప్పుడూ డిపాజిట్ రసీదు చూస్తారు తప్ప ఆ నీళ్లు లోపల దేనిలో కలుస్తున్నాయో చూడరు.

అందుకని పురపాలక శాఖ వారికి, ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగం వారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం. కనెక్షన్ ఇచ్చే ముందు ఫిట్టర్ సంపు మూత తీసి గాలి ఖాళీ ఉందని, బోరు లైను కలపలేదని చూసి సంతకం పెట్టాలి. ఫోటో తీసి ఫైల్లో పెట్టడం ఇవాళ సెల్‌ఫోన్‌తో నిమిషం పని. ఉన్న కనెక్షన్లన్నీ ఒకేసారి తనిఖీ చేయడం సాధ్యం కాదని నాకు తెలుసు, సెక్షన్‌లో ఎంతమంది మనుషులున్నారో కూడా తెలుసు. కాబట్టి ముందు నర్సింగ్ హోములు, ల్యాబులు, హాస్టళ్లు, కార్లు కడిగే షెడ్లు, రంగుల పనులు చేసే చోట్లు చూడండి. ఒక్క చోట తప్పుంటే వీధంతా పాడయ్యేవి అవే. మొదటిసారి జరిమానా వద్దు, గడువిచ్చి సరిచేయించండి. జరిమానా భయం ఉంటే ఎవరూ మోటారు గది తాళం తీయరు.

ఇంకో విన్నపం క్లోరిన్ పరీక్ష గురించి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది తాగునీటికి ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం. క్లోరోస్కోప్‌లో నీళ్లు పోసి, మందు చుక్కలేసి, పసుపు రంగు చూసి రాసుకుంటాం. కానీ ఆ పరీక్ష సాధారణంగా ట్యాంకు దగ్గరో, రోడ్డు పక్క అందుబాటులో ఉన్న కుళాయి దగ్గరో, నీళ్లు వచ్చిన అరగంటకో జరుగుతుంది. అప్పటికి లైను కడుక్కుపోయి ఉంటుంది. చివరి వీధిలో, నీళ్లు వచ్చిన మొదటి ఐదు నిమిషాల్లో చేయండి. మురికి వెనక్కి వచ్చి ఉంటే క్లోరిన్‌ను అదే తినేస్తుంది కాబట్టి నీళ్లకు రంగు రాదు. రంగు రాని వీధిలో ఇంటింటికీ తిరిగి వెతికితే తప్పుగా కలిపిన టీ దొరుకుతుంది. అతిసారం కేసులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

"ఈ రోజుల్లో కుళాయి నీళ్లు ఎవరు తాగుతున్నారండీ, అందరూ టిన్నులు కొనుక్కుంటున్నారుగా" అని నాతో ఒక పెద్దమనిషి అన్నాడు. ఆ మాట నాకు చాలా కష్టం కలిగించింది. 20 లీటర్ల టిన్ను రోజూ కొనుక్కోలేని ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. అంగన్‌వాడీలో పిల్లలు తాగేది ఏ నీళ్లు? హోటల్లో ప్లేట్లు కడిగేది, పచ్చి కొత్తిమీర కడిగేది, చట్నీ పల్చన చేసేది ఏ నీళ్లు? టిన్ను కొనుక్కున్నవాళ్లు కూడా పళ్లు తోముకునేది కుళాయి నీళ్లతోనే. టైఫాయిడ్‌కు, కామెర్లకు ఆ ఒక్క పుక్కిలింత చాలు. ఊరి పైపు అందరిదీ అయినప్పుడు అందులో నీళ్లు తాగేలా ఉంచడం మీద రాజీ పడకూడదు. పేదవాళ్లకు వేరే పైపు లేదు.

రోజంతా నీళ్లిస్తే ఈ సమస్యలో చాలా భాగం పోతుందన్నది నిజం. లైనులో ఎప్పుడూ ప్రెషర్ ఉంటే పీల్చే పని ఉండదు. 2021లో ఒడిశాలోని పూరీలో ఊరంతటికీ 24 గంటలూ కుళాయి దగ్గరే తాగగలిగే నీళ్లు మొదలుపెట్టారు. మనకూ అది రావాలి. కానీ దానికి కొత్త పైపులు, మీటర్లు, కోట్ల రూపాయలు, ఏళ్ల కాలం కావాలి. అప్పటిదాకా ఆగకుండా చేయగలిగింది నాలుగు వేళ్ల ఖాళీ. పైగా 24 గంటల నీళ్లొచ్చినా బోరుతో కలిపిన టీ వల్ల వచ్చే ప్రమాదం తీరదు. అక్కడ బోరు మోటారు వీధి ప్రెషర్ కంటే గట్టిదైతే చాలు.

ప్లంబింగ్ మేస్త్రీలకు కూడా ఒక మాట. ఓనర్లు మిమ్మల్ని నమ్ముతారు, ఇంజినీరును అడగరు. "వాల్వ్ పెట్టి రెండూ కలిపెయ్" అని ఓనరు అన్నప్పుడు కలపనని చెప్పగలిగేది మీరే. ఐటీఐల్లో ప్లంబర్ ట్రేడ్ చదివే కుర్రాళ్లకు ఈ పాఠం బోర్డు మీద రాసి వదిలేయకుండా, ఒక బకెట్, గొట్టం, ఎత్తు మీద డ్రమ్ము పెట్టి, బకెట్లో రంగు నీళ్లు పోసి అవి పైపులోకి ఎలా ఎక్కుతాయో చేసి చూపించాలని ఆ సంస్థల వారిని కోరుతున్నాను. ఒకసారి కళ్లారా చూసిన కుర్రాడు జన్మలో గొట్టాన్ని సంపు అడుగుకు దించడు.

మా పట్టణంలో ఏ అపార్ట్‌మెంట్ సంఘం పిలిచినా, ఏ మేస్త్రీల సంఘం పిలిచినా వచ్చి మోటారు గది చూసి ఎక్కడ కోయాలో చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. డబ్బులేమీ అక్కర్లేదు. మీ పత్రిక జిల్లా పేజీలో నీళ్లు వదిలే వేళల పక్కన ఈ సంపు తనిఖీ సంగతి రెండు లైన్లలో వేసినా ఎంతో ఉపకారం చేసినవారవుతారు.

ఇట్లు,
రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్ (నీటి సరఫరా), గుంటూరు జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)